సగంలో ఆగిన కారు

సగం పని అయిపోయిన కారు తక్కువ ధరకు దొరికితే మిగిలిన సగం చేసుకుంటే సరిపోతుంది కదా? పాత కార్లంటే ఇష్టపడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. లెక్క సబబుగానే కనిపిస్తుంది. అమ్మే మనిషి మంచి ఇంజన్ తెచ్చాడు, పైకప్పు కోయించి ఎత్తు తగ్గించాడు, ముందు చక్రాల అమరిక మార్పించాడు. ఖర్చులో పెద్ద భాగం అతనే పెట్టాడు, కారు మాత్రం అందులో కొంత సొమ్ముకే వచ్చేస్తోంది. అయినా ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు చాలామంది ఇలాంటి కారుకన్నా ఎవరూ చేయి పెట్టని తుప్పు కారే నయమంటారు.

వాళ్లు అలా అనడానికి కారణం ఉంది. చేయి పడని కారులో ప్రతి బోల్టూ ఫ్యాక్టరీ పెట్టిన చోటే ఉంటుంది. పాడైనదేదో కంటికి కనిపిస్తుంది, పోయినదేదో విడిభాగాల పుస్తకం చెబుతుంది. సగంలో ఆగిన కారు అలా కాదు. ఫ్యాక్టరీ చేసిన పని మీద మరో మనిషి చేసిన పని ఉంటుంది, ఆ రెండో పని ఏ పుస్తకంలోనూ ఉండదు. ఏది ఎందుకు కోశాడో, ఏది తాత్కాలికంగా అతికాడో, ఏది పూర్తయిందనుకున్నాడో అతని తలలోనే ఉండిపోతుంది. కొన్నవారి చేతికి వచ్చేది లోహం మాత్రమే. ఆ లోహాన్ని కొలిచి, గీకి, తట్టి చూసి జరిగిందేమిటో రాబట్టుకోవాలి.

ఒక్కొక్కటీ ఒక్కటే

ఇష్టప్రకారం మార్చుకున్న కార్ల సంప్రదాయం వేళ్లు అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నాయి. 1930ల్లో అక్కడి కుర్రాళ్లు చవకగా దొరికే పాత ఫోర్డు కార్లు కొని, మడ్‌గార్డులు పీకేసి, బరువు తగ్గించి, మ్యురాక్ వంటి ఎండిన సరస్సుల గట్టి నేల మీద పందేలు వేసుకునేవారు. ఆ పందేలకు ఒక పద్ధతి తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1932లో ఫోర్డు కంపెనీ మామూలు ధర కారులో ఎనిమిది సిలిండర్ల వీ-8 ఇంజన్ పెట్టింది. దాని శక్తి 65 హార్స్‌పవరే అయినా ఆ ధరకు అంత శక్తి ఇచ్చిన కారు అప్పటికి లేదు. ఇలాంటి కార్ల ప్రియులకు 1932 ఫోర్డు ఈనాటికీ ఆరాధ్యం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యంలో వెల్డింగు, లేతు పని నేర్చుకుని వచ్చినవాళ్లు ఇందులో చేరారు. 1948లో హాట్ రాడ్ అనే పత్రికే మొదలైంది.

వేగం కోసం మార్చిన కారు హాట్ రాడ్ అయితే, రూపం కోసం మార్చిన కారును కస్టమ్ అన్నారు. కస్టమ్ కార్లలో పేరున్నది 1951 నాటి ఒక మెర్క్యురీ. బాబ్ హిరోహాటా అనే యజమాని కోసం 1952లో బారిస్ సోదరుల షాపు దాని కప్పును కిందికి దించి, పక్క అద్దాల మధ్య స్తంభం తీసేసి, కారు పోలికే మార్చేసింది. తర్వాత చేతులు మారి, 1959లో 500 డాలర్లకే అమ్ముడుపోయింది. దశాబ్దాల తర్వాత దాన్ని పాత రూపానికి తెచ్చారు. 2022 జనవరి వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లు పలికింది. అది తయారైన రోజుల్లోనే పత్రికల్లో ఫోటోలు వచ్చాయి కాబట్టి అసలు రూపం ఏమిటో తెలిసే ఆధారం మిగిలింది. మామూలు మనిషి షెడ్డులో మొదలుపెట్టి వదిలేసిన కారుకు ఆ అదృష్టం ఉండదు.

మన దేశంలో హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులు ఈ కుదురుకే దగ్గరివి. సైన్యం వేలంలో అమ్మేసిన జీపులతో మొదలైన పని అది. అక్కడి జీపైనా, కాలిఫోర్నియా ఫోర్డయినా ఒక విషయంలో ఒకటే. దేనికదే ప్రత్యేకం, రెండోది ఉండదు.

ఇలాంటి పని మధ్యలో ఆగడానికి డబ్బు చాలకపోవడమే కారణమని అనుకుంటారు. అది సగం నిజం. విప్పడం తేలిక, బిగించడం కష్టం. ఒకటి రెండు ఆదివారాల్లో కారంతా విప్పి నేల మీద పరచవచ్చు. పైగా ఒక మార్పు ఇంకో మార్పును లాక్కొస్తుంది. పెద్ద ఇంజన్ పెడితే రేడియేటర్ చాలదు, గేర్‌బాక్స్ పట్టదు, గేర్‌బాక్స్ కోసం నేల రేకు కోయాలి, వెనక ఇరుసు ఆ బలానికి ఆగదు, అంతా అయ్యాక బ్రేకులు చాలవు. ఈ గొలుసులో ఏదో ఒక లింకు దగ్గర మొదటి మనిషికి దారి దొరకలేదు, పని ఆగింది. కాబట్టి కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత పని అయిందన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది. ఆగిన చోటే అసలు చిక్కు ఉంటుంది.

రేకును తినే గాలి

నడిచే కారుకు రంగు ఉంటుంది. పని ఆగిన కారుకు చాలాచోట్ల రంగు గీకేసి ఉంటుంది, తేడా అక్కడ మొదలవుతుంది. ఉక్కు తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. వాన పడనక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే రేకు మీద కంటికి కనపడనంత పల్చటి నీటి పొర ఏర్పడుతుంది. ఆ పొర కింద రేకులో ఒక చోట ఇనుము కరుగుతుంది, అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు లోహం గుండానే పక్క చోటికి వెళ్లి ఆక్సిజన్‌తో కలుస్తాయి. అంటే రేకు మీద లెక్కలేనన్ని చిన్న బ్యాటరీలు పనిచేస్తుంటాయి. ఉప్పు తోడైతే నీటి పొరలో విద్యుత్తు ఇంకా సులువుగా పారుతుంది. అందుకే మచిలీపట్నంలో షెడ్డు కింద ఉన్న రేకుకూ, అనంతపురంలో అలాంటి షెడ్డు కిందే ఉన్న రేకుకూ పోలిక లేదు. కాలిఫోర్నియా ఎడారి ప్రాంతాల పాత కార్లకు గిరాకీ ఎక్కువ ఉండడానికి కూడా అక్కడి పొడి గాలే కారణం.

ప్రైమర్ కొట్టేశారు, ఇక భయం లేదు అనుకోవడం పెద్ద పొరపాటు. మామూలు బూడిద రంగు ప్రైమర్‌ను పైరంగు పట్టుకోవడానికీ, ఉప్పుకాగితంతో రుద్దితే నునుపు తేలడానికీ తయారుచేస్తారు. దానిలో సుద్ద వంటి పొడి ఉంటుంది, సన్నటి రంధ్రాలుంటాయి. తేమ దాని గుండా లోపలికి దిగుతుంది. పైకి మచ్చ కనపడకుండానే కింద తుప్పు పాకుతుంది. ఎక్కువ కాలం ఆగాల్సిన రేకుకు ఎపాక్సీ ప్రైమర్ వాడాలి, అది తేమను ఆపుతుంది. మామూలు ప్రైమర్‌తో రెండు మూడు వానాకాలాలు బయట ఉన్న కారు అయితే రేకు కనిపించేదాకా గీకి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అతికిన చోట ఇంకో చిక్కు ఉంది. తుప్పు దాన్ని పుట్టించిన ఇనుముకన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అతుకు మధ్యలో పుట్టిన తుప్పుకు పోవడానికి చోటుండదు కాబట్టి రేకులను విడదీస్తూ ఉబ్బిస్తుంది. తలుపు అడుగు అంచు, చక్రం పైన వంపు, నేల రేకు చివర వేలితో తడిమితే ఈ ఉబ్బు తెలుస్తుంది.

పుట్టీ కింద ఏముందో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు. పల్చటి గుడ్డలో చుట్టి రేకు మీద జరుపుతూ పోతే రేకు ఉన్న చోట గట్టిగా పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్న చోట పట్టు సడలుతుంది, రేకే లేని చోట జారి పడుతుంది. 1950ల నాటి కస్టమ్ కార్లలో పుట్టీకి బదులు సీసం కరిగించి పూసేవారు. అక్కడా అయస్కాంతం పట్టదు, కానీ అది లోపం కాదు, నాణ్యమైన పని కూడా కావచ్చు. అయితే సీసాన్ని మిషన్‌తో రుద్దితే లేచే పొడి విషం. దాన్ని ఆకురాయితోనే చెక్కాలి, అదీ ముక్కుకు మాస్కుతో.

కోసిన పైకప్పు

సగంలో ఆగిన కస్టమ్ కార్లలో ఎక్కువగా కనిపించేది పైకప్పు పని. కారు నేలకు అతుక్కున్నట్టు, వేగంగా దూసుకుపోతున్నట్టు కనిపించాలని కప్పును మోసే స్తంభాల్లో రెండు మూడు అంగుళాలు కోసి, కప్పును దించి మళ్లీ అతుకుతారు. వినడానికి చిన్న పని. స్తంభాలన్నీ నిటారుగా ఉంటే నిజంగా చిన్న పనే అయ్యేది. 1932 ఫోర్డులో ముందు అద్దం దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి ఆ కారు కప్పు దించడం కొంత తేలిక. 1949-51 మెర్క్యురీలో ముందు స్తంభం వెనక్కి వాలి ఉంటుంది, వెనక అద్దం గుండ్రంగా వంగి ఉంటుంది. అక్కడ లెక్క తిరగబడుతుంది.

వాలిన స్తంభం పైకి పోయేకొద్దీ వెనక్కి పోతుంది. మధ్యలో ముక్క కోసి తీసేస్తే మిగిలిన మొండి పైకొస ముందుకే ఆగిపోతుంది, కప్పు అంచు మాత్రం పాత చోట వెనక్కి ఉంటుంది. స్తంభం నిలువు నుంచి 30 డిగ్రీలు వాలి ఉందనుకుంటే, ఎత్తులో మూడు అంగుళాలు తగ్గించగానే ఆ రెండింటి మధ్య సుమారు 44 మిల్లీమీటర్ల ఎడం వస్తుంది. వెనక స్తంభం ఎదురు దిక్కుకు వాలి ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకో ఎడం. ముందు అతికితే వెనక అందదు, వెనక అతికితే ముందు అందదు. కప్పును అడ్డంగా కోసి మధ్యలో కొత్త రేకు వేసి పొడుగు పెంచాలి, లేదా స్తంభాలనే ఇంకా వాల్చాలి. స్తంభాలు పక్కలకు కూడా లోపలికి వాలి ఉంటే వెడల్పు కూడా పెంచాలి. ఆపైన తలుపు చట్రాలు, అద్దాలు అన్నీ ఆ కొత్త కొలతకు రావాలి. కప్పు దించాక అద్దాలు లేకుండా ఆగిపోయిన కార్లు అన్ని ఉండడం ఇందుకే. కొనేవారు ఎడమ, కుడి స్తంభాల ఎత్తులు, అద్దం చట్రం కర్ణాలు టేపుతో కొలిస్తే కప్పు సమంగా కూర్చుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

తర్వాతి సంగతి వెల్డింగు. మీటరు పొడవున్న ఉక్కును 100 డిగ్రీలు వేడి చేస్తే 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. వెల్డింగు దగ్గర ఉక్కు కరుగుతుంది, అంటే సుమారు 1,500 డిగ్రీలు. కానీ వేడెక్కిన చోటు చుట్టూ ఉన్నది చల్లటి రేకు, అది సాగనివ్వదు. ఎటూ పోలేని మెత్తటి లోహం ఉన్నచోటే మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం మామూలుగా కుంచించుకుపోతుంది. మొత్తం మీద వెల్డింగు గీత మొదటికన్నా పొట్టిదవుతుంది, చుట్టుపక్కల రేకును తనవైపు లాగుతుంది. సుమారు ఒక మిల్లీమీటరే మందముండే కప్పు రేకు ఆ లాగుడికి అలలు తిరుగుతుంది. అరచేత్తో నొక్కితే టక్కున లోపలికి పోయి, వదిలితే మళ్లీ టక్కున బయటికి వచ్చే రేకు అలా లాగుడుపడ్డ రేకే.

దీనికి విరుగుడు ఓపిక. గీత పొడవునా ఒకేసారి అతకకుండా, దూరదూరంగా చుక్కలు పెట్టి, ఒక చుక్క చల్లారాక ఇంకో చోట మరో చుక్క పెడుతూ పోవాలి. ప్రతి చుక్కనూ కింద ఇనప దిమ్మె ఆనించి పైనుంచి సుత్తితో మెల్లగా కొట్టాలి. ఆ దెబ్బకు కుంచించుకున్న లోహం మళ్లీ సాగుతుంది. టింకరింగ్ పనివాళ్ల చేతిలో ఉన్న విద్యంతా ఇదే, దానికి తగినంత గౌరవం దక్కడం లేదు. ముందు మనిషి గీతంతా ఒక్క ఊపులో లాగేసి, వచ్చిన అలల మీద పుట్టీ కప్పి ఉంటే, పుట్టీ తీసి గీత వెంట సుత్తి పని చేయాల్సిందే. మళ్లీ కోసి అతకాల్సిన అవసరం అన్నిసార్లూ రాదు.

నాలుగు చక్రాలు, ఒక దారి

రేకు తప్పితే కారు వికారంగా కనిపిస్తుంది, ఛాసిస్ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది మూలమట్టం చూడటానికి రెండు కర్ణాలకూ తాడు పట్టి సమానమా కాదా అని కొలిచినట్టే ఛాసిస్‌నూ కొలుస్తారు. ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకు ఒక కొలత, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు మరో కొలత. రెండూ కొద్ది మిల్లీమీటర్ల లోపు కలవకపోతే చట్రం పక్కకు వాలినట్టు. మెలి తిరిగిందా అన్నది కర్ణాలతో తెలియదు, సమతలంగా నిలబెట్టి నాలుగు మూలల ఎత్తులూ చూడాలి. ఇంజన్, బాడీ ఎక్కించాక ఈ కొలతలు కష్టం కాబట్టి విప్పి ఉన్న కారులో ఇది కలిసివచ్చే విషయం.

అమెరికాలో చాలామంది పాత ఫోర్డులకు 1974-78 నాటి ముస్టాంగ్-2 కారు ముందు చక్రాల అమరికను అతుకుతారు. మంచి ఎంపికే, కానీ స్టీరింగ్ పెట్టె ఒక అంగుళం పైనో కిందో కూర్చుంటే ఒక ప్రమాదకరమైన గుణం వస్తుంది. చక్రం గతుకు మీద పైకి లేచినప్పుడు దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే ఇనప చేతులు ఒక వంపులో కదులుతాయి, స్టీరింగ్ కడ్డీ ఇంకో వంపులో కదులుతుంది. ఈ రెండు వంపులు కలవకపోతే, డ్రైవర్ స్టీరింగ్ కదపకపోయినా గతుకే చక్రాన్ని తిప్పేస్తుంది. దీన్ని గతుకు స్టీరింగ్ అనవచ్చు, మెకానిక్‌లు బంప్ స్టీర్ అంటారు. పరీక్ష సులువు. స్ప్రింగు తీసేసి, స్టీరింగ్ కదలకుండా కట్టేసి, జాకీతో చక్రాన్ని మెల్లగా పైకీ కిందికీ కదుపుతూ చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరుగుతోందా అని చూడాలి. తిరుగుతుంటే రంగూ సీట్లూ ఆలోచించే ముందు అది సరిచేయాలి.

బ్రేకుల దగ్గర చాలామంది ఆలోచించని సంగతి ఒకటుంది. హాట్ రాడ్‌లో బ్రేకు మాస్టర్ సిలిండర్‌ను తరచు నేల రేకు కింద పెడతారు. అప్పుడది చక్రాల దగ్గరి డిస్క్ బ్రేకులకన్నా కింద ఉంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారుతుంది, మొదటిసారి తొక్కితే పెడల్ నేలకు పోతుంది. దీనికి గొట్టంలో చిన్న వాల్వు పెట్టి రెండు పౌండ్ల ఒత్తిడి ఎప్పుడూ నిలిచేలా చూడాలి, వెనక డ్రమ్ము బ్రేకులుంటే వాటికి పది పౌండ్ల వాల్వు. వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా ముందుగా పట్టేయకుండా బలం పంచడం కూడా అంతే ముఖ్యం. వెనకవి ముందు పట్టేస్తే కారు బొంగరంలా తిరిగిపోతుంది.

కదలని కారులో పాడయ్యేవి

కారును కదలకుండా ఉంచితే అరిగేదేమీ ఉండదని అనుకోవడం సహజం. కానీ నూనెలూ రబ్బరూ రసాయనాలు, వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలితో కలిసి జిగురవుతుంది, కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. గ్లైకాల్‌తో చేసిన బ్రేకు ఆయిల్‌ది కూడా ఇదే గుణం. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు గాని మరగకూడదన్నది నియమం. 3.7 శాతం దాకా నీరు పీల్చుకున్నాక అదే హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ తొక్కినా బ్రేకు పడదు. పాత ఆయిల్ మొత్తం తీసేసి, సిలిండర్ల లోపల గుంటలు పడ్డాయేమో చూడాలి.

ఆగిపోయిన ఇంజన్‌ను వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరిచి ఉండిపోయి, తేమ దూరి, పిస్టన్ రింగులు గోడకు పట్టేసి ఉండవచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో పల్చటి నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, ముందు కప్పీ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఇటూ అటూ కొద్దిగా కదిలినా ఆశ ఉన్నట్టే. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి.

టైర్ల మీద గాడులు ఎంత లోతున్నా నమ్మకూడదు. పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చూడాలి. 3519 అని ఉంటే అది 2019లో 35వ వారం టైరు. అంకెలు మూడే ఉంటే అది 2000కు ముందుది, తీసి పారేయాల్సిందే.

వైర్లూ కాగితాలూ

ఫోర్డు కార్లలో 1955 మోడల్ దాకా ఆరు వోల్టుల బ్యాటరీ ఉండేది, 1956 నుంచి పన్నెండు వోల్టులది వచ్చింది. మార్పు మధ్యలో ఆగిన కారులో రెండూ కలిసిపోయి ఉంటాయి. ఇంజన్ కొత్తది, లైట్లు పాతవి, వైర్లు ఎవరికి దొరికినవి వాళ్లు వేసినవి. ఒకే శక్తి గల దీపం ఆరు వోల్టుల మీద రెట్టింపు కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే అదే వైరులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. పేరు లేని వైరు ఎటు పోతోందో వెతికి పట్టుకోవడం కంటే మొత్తం పీకేసి, ప్రతి చివరా చీటీ కట్టి కొత్తగా వేయడమే తక్కువ శ్రమ. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ బాడీకీ మధ్య ఎర్తు తీగలు మరవకూడదు. రంగు కరెంటును ఆపుతుంది కాబట్టి అవి బిగించే చోట రేకు మెరిసేలా గీకాలి.

కాగితాలు మాత్రం వీటన్నిటికన్నా ముందు, డబ్బు చేతులు మారకముందే చూడాలి. ఛాసిస్ మీద చెక్కిన నంబరు యాజమాన్య పత్రంలో ఉన్నదేనా? అది కోసి అతికిన ముక్క మీద ఉందా? కాలిఫోర్నియాలో ఇలా ప్రత్యేకంగా తయారైన వాహనాలకు పొగ నిబంధనల సడలింపు ఏడాదికి 500 బండ్లకే ఇస్తారు. మన దేశంలో నిబంధన ఇంకా గట్టిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఇంజన్ మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉండాలి. 2021లో యాభై ఏళ్లు దాటిన వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చింది గాని, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చిన వాటికి అది వర్తించదు. అందుచేత తెలుగు రాష్ట్రాల్లో కప్పు కోసిన పాత కారు కొనేవారు, అది రోడ్డెక్కుతుందా లేక ప్రదర్శనకే పరిమితమా అన్నది ఆర్టీవో కార్యాలయంలో ముందే తేల్చుకోవాలి.

ఇవన్నీ తెలిశాక పని వరస దానంతటదే కుదురుతుంది. ఛాసిస్ కొలతలు, వెల్డింగు తనిఖీ, చక్రాలు, బ్రేకులు, ఇంజన్, వైర్లు, ఆఖరున రేకు. వెల్డింగులో కంటికి ఆనని పగుళ్లను ఎర్రరంగు ద్రవంతో పట్టుకోవచ్చు. ద్రవం పూసి, తుడిచేసి, పైన తెల్లటి పొడి చల్లితే పగులు ఉన్న చోట సన్నటి ఎర్రగీత తేలుతుంది. స్టీరింగూ ఇరుసులూ మోసే ప్రతి అతుకుకూ ఈ పరీక్ష చేయించాలి. తర్వాత రంగు లేకుండానే కారంతా ఒకసారి బిగించాలి. తలుపులు పడుతున్నాయా, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు రేకుకు రాసుకుంటోందా, పొగగొట్టం బ్రేకు పైపుకు మరీ దగ్గరగా ఉందా అన్నవి అప్పుడే బయటపడతాయి. ఖాళీ మైదానంలో నడక వేగంతో మొదలుపెట్టి బ్రేకు పరీక్షించాలి, వేగం మెల్లగా పెంచుతూ మళ్లీ మళ్లీ ఆపి బోల్టుల బిగువు చూడాలి. లోపాలన్నీ తీరాకే కారును మళ్లీ విప్పి రంగుకు పంపాలి.